పద్మగారి కాళ్ళు, నా చేతులు

2022లో ఎల్బీనగర్‌లో, ఒక పాత మేడ రెండో అంతస్తులో నా పిలాటీస్ గది ఉండేది. ఒక గోడ నిండా అద్దం, నేల మీద ఆరు మ్యాట్‌లు. పొద్దున ఏడింటికి ఎండ అద్దం మీద పడితే గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు తోచేది. కింద రోడ్డు మీది హారన్లు కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు మెత్తగా వినిపించేవి. పిలాటీస్ అంటే ఊపిరితో కలిపి కండరాలను నిదానంగా కదిలించే వ్యాయామం. ఏ కండరం మొరాయిస్తోందో చేత్తో తాకి చెప్పేస్తానని నాకు పేరుండేది. ఆ పేరు చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది.

పద్మగారిని డాక్టరు పంపారు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళది పోచంపల్లి చీరల దుకాణం. పాతికేళ్ళుగా తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపేది ఆవిడే. ఆవిడకు లిపిడీమా. ఈ జబ్బులో తుంటి నుంచి చీలమండల దాకా రెండు కాళ్ళలోనూ కొవ్వు పేరుకుంటుంది, పాదాలు మాత్రం మామూలుగానే ఉంటాయి. నొప్పిగా ఉంటుంది, కాస్త తగిలినా కమిలిపోతుంది. తిండి తగ్గించినంత మాత్రాన ఆ కొవ్వు పోదు. ఆ సంగతి తెలియక, అందరూ ఆవిడకు ఏళ్ళ తరబడి అన్నం మానెయ్యమనే చెప్పారు.

"ఫోన్ల నేర్పుతరా మేడం? గా బిగుతు ప్యాంట్లేస్కొని నలుగుట్లకి నేను రాలేను," అన్నారు మొదటిసారి ఫోన్‌లో.

"ఆన్‌లైన్‌లో సగం పనే అవుతుందండీ. పక్కనుండి చేత్తో సరిచెయ్యాలి కదా!"

"నాకైతే కిందికెల్లి లేస్తే సాలు. ఇప్పుడు లేవనీకి ఇద్దరు పట్టాలె. దసరా దాంక సూస్తడంట మా ఆయన. గప్పటికీ గిట్లనే ఉంటె కౌంటర్ల కూసోమంటుండు. చీర ఇప్పకపోతె నేను దుకాణంల ఎందుకు మేడం?"

నేను పట్టుబట్టి రప్పించాను. మొదటిరోజు బ్రిడ్జ్ చేయించాను, అంటే వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం. మోకాళ్ళు పక్కలకు వాలిపోతుంటే రెండు తొడల మీదా అరచేతులు ఆనించి గట్టిగా నొక్కాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఎంత శ్రద్ధగా చేస్తున్నారోనని మురిసిపోయాను.

మర్నాడు రాలేదు. మూడోనాడు నేనే ఫోన్ చేశాను.

"మీ అయిదు వేళ్ళు నా తొడ మీద లెక్కపెట్టొచ్చు మేడం. గట్ల కమిలింది."

"అయ్యో, అప్పుడే చెప్పలేదేమండీ?"

"నేర్పేటోళ్ళు చెయ్యేస్తె వద్దంటరా ఎవరన్న?"

ఆ జబ్బు గురించి చదివి ఉండి కూడా నా చేతులు వాటి అలవాటు మానలేదు. సిగ్గుతో ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆన్‌లైన్‌కి నేనే ఒప్పుకున్నాను. దుకాణం తెరవకముందు, షట్టర్ సగం ఎత్తి, చీరల దొంతరకు ఫోన్ ఆనించి పెట్టుకునేవారు. నాకు భుజాలు, ముఖం మాత్రమే కనిపించేవి. వెనక అరల్లో ఎరుపులు, పసుపులు, నీలాలు. షట్టర్ కింద నుంచి వచ్చే వెలుగు వాటి మీదికి మెల్లగా పాకేది. ఆ అరగంటా మేమిద్దరం ఏ ఊళ్ళోనూ లేనట్టుండేది. కాళ్ళు చూపించమని అడగడానికి నాకు మొహం చెల్లక, ఆవిడ ఊపిరి చప్పుడు వింటూ, ఎక్కడ ఎలా ఉందో అడుగుతూ నేర్పాను. ఆవిడ మగ్గమున్న ఇంట్లో పుట్టిన మనిషి, కండరాలను కూడా పడుగనే, అంటే మగ్గం మీద బిగించే నిలువు దారాలనే, అనేవారు.

"ఎడమదిక్కు పడుగు సడలినట్టుంది మేడం."

"అయితే కుడివైపుతో సమంగా బిగించండి. తెగేలా లాగకండి."

ఆ భాష మాకు బాగా కుదిరింది. అయినా పైకి లేవడం మాత్రం రాలేదు. పదిహేను రోజులయ్యాక, పాదాల కింద ఏముందని అడిగితే పరుపని చెప్పారు. మెత్తటి పరుపులో పాదం దిగబడితే లేవడానికి పట్టేం దొరుకుతుంది? పక్కనుంటే నిమిషంలో కనిపెట్టేదాన్ని. గట్టి నేల మీద మొదలుపెట్టించి, ఆ తర్వాతే మళ్ళీ పరుపు మీదికి తీసుకొచ్చాను.

దసరా వారంలో ఉందనగా ఒక పొద్దున ఆవిడే ఫోన్ తీసుకెళ్ళి దూరంగా కౌంటర్ మీద పెట్టారు. తెరలో మొదటిసారి మనిషంతా కనిపించారు, బిగుతు ప్యాంటుతో సహా.

"సూడున్రి మేడం."

పరుపు మీద కూర్చున్నారు. ఒక పాదం ఆనించి ఊపిరి వదిలారు. సగం లేచి కూలబడ్డారు. నా చెయ్యి తెలియకుండానే తెర వైపు వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. రెండోసారి ఏమీ పట్టుకోకుండా లేచి నిలబడ్డారు. కాళ్ళు అంతే లావుగా ఉన్నాయి. సన్నబడతాయని నేనెప్పుడూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

"ఇగో, ఇంటున్నరా?" అని లోపలున్న భర్తను కేకేశారు. "కౌంటర్ల మీరే కూసోన్రి!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇప్పుడు కొందరికి ఫోన్‌లో, కొందరికి గదిలో నేర్పుతున్నాను. ఎవరి మీదైనా చెయ్యి వేసేముందు అడుగుతాను. అలా అడగడం మొదలుపెట్టాకే తెలిసింది, వద్దనాలని ఉండి ఊరుకున్నవాళ్ళు అన్నేళ్ళూ నా గదిలో ఎంతమంది ఉండేవారో.