మావయ్య తయారుచేసిన ఆడమనిషి

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, పోర్టులో క్రేన్లకి ఎలక్ట్రీషియన్. నలభై మూడేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. మెటియాబ్రుజ్‌లో నది పక్కన, ఓ పాత గోదాము మీద రెండు గదుల్లో ఒక్కడే ఉండేవాడు.

ఓ ఆదివారం చర్చి అయ్యాక నా ముందు ఫోను పెట్టి, "అమ్మీ, 'వచ్చీసినావా? అన్నం తిన్నావేటి?' అని ఓపాలి అను" అన్నాడు.

"ఎందుకు మావయ్యా?"

"అను ముందు."

సాల్ట్ లేక్‌లో ఓ ఆఫీసులో కస్టమర్లతో ఫోన్లో మాట్లాడడమే నా ఉద్యోగం. ఆ తియ్యటి గొంతుతోనే అనేశాను. అనేసి మరిచిపోయాను.

ఏప్రిల్లో అమ్మ చేపల పులుసు గిన్నె ఇచ్చి పంపింది. నేను మావయ్య గదికి చేరేసరికి, బెంగాలీలు కాలబైశాఖి అనే వేసవి గాలివాన పట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నల్లబడింది, గాలికి కిటికీ తలుపులు దబదబా కొట్టుకుంటున్నాయి, కరెంటు పోయింది. తలుపు తీసే ఉంటే లోపల అడుగుపెట్టాను. మెరుపు మెరిసింది. గది మధ్యలో తెల్ల దుప్పటి కప్పుకుని ఓ ఆడమనిషి. చెవులదాకా సాగిన కళ్ళు. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. మెల్లగా చెయ్యెత్తి నా గొంతుతో నన్నే అడిగింది: "వచ్చీసినావా? అన్నం తిన్నావేటి?"

గిన్నె వదిలేశాను. నా అరుపు కింద టీ కొట్టు దాకా వినిపించిందట. మావయ్య టార్చి పట్టుకుని వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. పులుసు ఆవిడ మీద పడిందేమోనని చూసుకున్నాకే నా వైపు తిరిగాడు.

"బ్యాటరీ ఉన్నాది. కరెంటు పోయినా పలుకుతాది" అన్నాడు గర్వంగా.

మొండెం దర్జీ కొట్లో బట్టలు తొడిగే బొమ్మది. తల, దుర్గ విగ్రహాలు చేసే పనివాడి దగ్గర కొన్నది. చేతుల్లో పాత మిక్సీల మోటార్లు. ఎదుట ఎవరు కదిలినా చెయ్యెత్తి పలకరిస్తుంది.

"ఇదంతా ఎందుకు మావయ్యా?"

"పన్నుంచి వస్తే అడిగే మనిషి గావాల కదమ్మీ" అన్నాడు. నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

అమ్మ మాత్రం మండిపడింది. "ఒరే, కిరస్తానీ ఇంట్లో అమ్మోరి తలకాయేటిరా!" అంటూ, ప్రార్థన చేయించడానికి పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చింది. మావయ్య హడావుడిగా బొమ్మని మూలకి నెట్టి మొహం మీద తువ్వాలు వేశాడు. స్విచ్చి ఆపడం మరిచాడు. పాస్టరుగారు సరిగ్గా ఆ మూలనే మోకరించి కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన మంచి ఊపులో ఉండగా చేతులు పైకెత్తారు. బొమ్మ కూడా ఎత్తింది. ఆ చెయ్యి నెమ్మదిగా దిగి ఆయన బట్టతల మీద వాలింది.

"అన్నం తిన్నావేటి?"

"ఇంకా లేదమ్మా" అన్నారాయన కళ్ళు తెరవకుండానే. తెరిచాక మాత్రం చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగిపోయారు.

చీర కడితే ఎవరూ జడుసుకోరని మావయ్యకి తోచింది. దానికి జాకెట్టు కావాలి. కొలతలకి, ఆ మొండెం అమ్మిన దర్జీ ఆవిడే వచ్చింది. మా శ్రీకాకుళం వైపు మనిషే. భర్త పోయి ఆరేళ్ళయింది. అందర్లాగే మావయ్యని బెంగాలీలో 'దాదా', అంటే అన్నా, అనేది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ టేపు పట్టుకుని బొమ్మ చుట్టూ తిరిగి ఆగింది.

"దాదా, రెండూ ఎడంసేతులే. సూసుకోనేదా?"

మావయ్య తెల్లబోయాడు. మూడు నెలలుగా ఆ బొమ్మ పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు మరి.

దర్జీ ఆవిడ కదిలినప్పుడల్లా బొమ్మ అన్నం సంగతి అడుగుతోంది. నాలుగోసారికి ఆవిడకి చిరాకెత్తింది. "తిన్నేదమ్మా, తిన్నేదు! అడగడమేగానీ ఎట్టేవోలేరీ?"

మావయ్య వంటగదిలోకి వెళ్ళి కంచంలో అన్నం, చేప ముక్క పెట్టి తెచ్చాడు. ఆవిడ టేపు మెడలో ఉంచుకునే కింద కూర్చుని తినేసింది. "ఉప్పెక్కువైపోనాది" అంది. తన వంటకి ఒకరు వంక పెట్టడం మావయ్యకి అదే మొదలు. ఆ సాయంత్రమంతా మురిసిపోతూనే ఉన్నాడు.

ఆ ఒక్క జాకెట్టుకి ఏడుసార్లు కొలతలు తీసుకున్నారు. ఆరోసారి నుంచి ఆవిడ 'దాదా' అనడం మానేసింది. కనిపెట్టింది అమ్మ.

పెళ్ళి మాటల్లో ఆవిడ ఒక్కటే అడిగింది. "గుమ్మంలో ఆయన్ని నాకంటే ముందు ఇంకో ఆడది పలకరించకూడదు."

మావయ్య ఒప్పుకున్నాడు. విప్పడానికి నన్ను సాయం పిలిచాడు. మోటార్లు, వైర్లు చకచకా ఊడదీశాడు. స్పీకరు దగ్గరికొచ్చేసరికి స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి కిటికీ దగ్గరికెళ్ళి పడవల్ని చూస్తూ నిలబడ్డాడు. నా గొంతుని నేనే ఊడబీకాను. తలని పగలగొట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక అత్తే దాన్ని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది.

ఇప్పుడు మావయ్య అత్త కుట్టుమిషన్లకి మోటార్లు బిగిస్తున్నాడు. మొన్న ఒకటి ఆగకుండా పరిగెత్తి, ఎవరిదో పెళ్ళి లంగాని కర్టెనుతో కలిపి కుట్టేసింది. అత్త గంటసేపు తిట్టింది. మావయ్య స్టూలు మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఆవిడకి గొంతు ఎండిపోతే లేచి మంచినీళ్ళిచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.