గార లెక్క

అణు రియాక్టర్ లోపలి ఇంధన కడ్డీని నేను జీవితంలో ఒక్కసారీ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు కూడా. దాని మీద ఎంత గార పడుతుందో లెక్కగట్టడం మాత్రం నా ఉద్యోగం. నీళ్ళు కాచే బిందె అడుగున తెల్లగా పేరుకుంటుందే, అలాంటిదే. నీటిలో కొట్టుకొచ్చిన ఇనుము తుప్పు వేడి కడ్డీని పట్టుకుంటుంది. పొర మందమైతే వేడి బయటికి పోలేక కడ్డీ చెడిపోతుంది. ఎక్కడ ఎంత పడుతుందో కంప్యూటర్ చేత చెప్పించాలి.

ఎనభైల చివర్లో పినపాక దగ్గరి ఒక కాలనీలో నేను, పాల్వంచ కరెంటు కేంద్రంలో బాయిలర్ షిఫ్టులో మా ఆయన. మధ్యలో అడవి, బస్సు ప్రయాణం. ఆయనకు వీక్లీ ఆఫ్ వచ్చిన రోజే, పగబట్టినట్టు, నేను పనిచేసే లాబ్‌లో కంప్యూటర్ నా వంతుకు వచ్చేది. ఒక్క లెక్క తేలడానికి పొద్దంతా పట్టేది. ఆయన నా క్వార్టర్‌కు వచ్చి, తనే వండుకుని తిని, నేను వచ్చేసరికి ఆఖరి బస్సుకు తయారై కూర్చునేవారు.

మధ్యలో కరెంటు పోతే లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. పాల్వంచలో యూనిట్ ఆగిపోయి ఉంటుందని, ఈ వారం ఆయనకు ఆఫ్ ఇవ్వరని నాకు దిగులు పట్టుకునేది.

"మా యూనిట్ ఆగితే మీ లైటు ఎందుకు పోతదే? తీగ మీద చెట్టుకొమ్మ పడ్డా పోతది," అని నవ్వేవారు. నేను నమ్మేదాన్ని కాదు. చెట్టుకొమ్మ మీద ఎవరైనా బెంగ పెట్టుకుంటారా?

నా లెక్క రియాక్టర్లో కొలిచిన దానితో సరిపోతే, ఆ రియాక్టర్ ఉన్న దూరపు ఊరికి నన్ను పంపుతామన్నారు పైవాళ్ళు. ఆయనది రాష్ట్ర ఉద్యోగం, వెంట రాలేరు. అందుకే లెక్క తప్పిన ప్రతిసారీ విసుక్కుంటూనే లోలోపల సంతోషపడేదాన్ని. అలాగని తెలిసి తెలిసి తప్పు వేయడానికి చెయ్యి రాదు. తుప్పు కడ్డీని పట్టుకోవడమే లెక్కలో పెట్టాను గానీ, నీటి వేగానికి కొంత ఊడిపోతుందన్నది వదిలేశానని ఒకనాడు తట్టింది. అది చేర్చగానే సరిపోయింది. లాబ్‌లో మిఠాయి పంచారు. నా వంతు కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను.

ఆ వారం ఆయన వచ్చినప్పుడు చెప్పాను. "మీరేమంటరు?" అని అడిగాను.

"మంచిదే గదా. పో," అన్నారు.

ఉండిపొమ్మంటారని ఎంత ఆశపడ్డానో! ఆ తర్వాత సామాను కట్టినన్నాళ్ళూ ఆ మాట కోసం ఆయన మొహంలోకే చూశాను. ఆయన తాళ్ళు బిగించడంలో మునిగిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఖమ్మం స్టేషన్‌లో పెట్టె లోపలికి అందించి, కిటికీ పక్కన నిలబడ్డారు. రైలు కదిలాక ఊచ పట్టుకుని నాలుగడుగులు నడిచారు.

"నేను ఉండమంటే ఉంటవని తెల్సు. అందుకే అనలే," అన్నారు.

దిగిపోదామని లేచి జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చాను. అప్పటికే రైలు ప్లాట్‌ఫారం దాటిపోయింది.