వెనకవైపు కట్టిన లంగరు

2008 ఆగస్టు నెల. వాషింగ్టన్ రాష్ట్రానికి వాయవ్యపు కొసన, జువాన్ డి ఫూకా జలసంధి పసిఫిక్ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతలగా ఉన్న ఒక చిన్న రేవులో పనిచేస్తుండేదాన్ని. మావారు ఆ ఊరి క్లినిక్‌లో డాక్టరు. రేవు ఒడ్డున డేల్ అనే పెద్దాయనకి పడవలు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. కౌంటర్ దగ్గర కూర్చుని పడవలు ఇవ్వడం, ఎర చేపలు అమ్మడం, రేడియో వినడం నా పని. నేను బడి మొహం చూసినదాన్ని కాను. చిన్నప్పుడు ఒంట్లో బాగుండక మంచం పట్టి ఉంటే, నాన్నగారే పక్కన కూర్చుని చదువు చెప్పారు. అలాంటిదాన్ని నమ్మి డేల్ దుకాణం నా చేతికిచ్చాడు. ఆ నమ్మకానికి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

నేను చేప తినను. అయినా పొద్దున్నే హెర్రింగ్ అనే చిన్న చేపల పొట్లాలు లెక్కపెట్టి మంచుపెట్టెలో సర్దేదాన్ని. ముట్టుకునే ముందు మనసులోనే క్షమించమని ఒక మాట అనుకునేదాన్ని. ఆ హెర్రింగ్ ఎరగా వేసి సాల్మన్ పడతారు. సాల్మన్ నీటి మధ్యలో తిరిగే చేప. దానికోసం పడవ నెమ్మదిగా కదులుతూ ఉండాలి. లింగ్‌కాడ్, రాక్‌ఫిష్ లాంటివి అడుగున రాళ్ల సందుల్లో ఉంటాయి. వాటిని బాటమ్ ఫిష్ అంటారు. వాటికోసం కొందరు రాతి దిబ్బ మీద లంగరు వేసి, పడవ ఆపి కూర్చుంటారు.

మా రేవులో అందరూ భయపడేది గాలికి. పొద్దున నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి, అంటే పడమటి నుంచి గాలి లేస్తుంది. పోటు ఉన్నంతసేపూ నీరు కూడా గాలి వెళ్లే వైపే పోతుంది కాబట్టి కొంత నయం. పోటు తిరిగి ఆటు మొదలైందంటే నీరు గాలికి ఎదురు నడుస్తుంది. అప్పుడు అల వాలుగా రాదు, గోడలా నిక్కుతుంది. అందుకే పడవ తీసుకునే ప్రతివాళ్లకీ గాలి తగలగానే వెనక్కి వచ్చెయ్యమని చెప్పి పంపేదాన్ని.

ఆ రోజు సియాటిల్ వైపు నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. సుధాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అతని భార్య మాధవి, ఆమె నాన్నగారు విశ్వనాథంగారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరై, కూతురి దగ్గరికి వచ్చి రెండు వారాలే అయిందట. నా నోట తెలుగు మాట వినగానే ముగ్గురి ముఖాలూ విచ్చుకున్నాయి. మాధవికి నీళ్ల మీద కడుపులో తిప్పుతుందని దుకాణంలోనే నాతో ఉండిపోయింది. మామా అల్లుళ్లిద్దరూ చిన్న అల్యూమినియం పడవలో, రేవుకి పడమటగా ఉన్న రాతి దిబ్బ వైపు వెళ్లారు. లైఫ్ జాకెట్లు నేనే బిగించాను. చేతి రేడియో ఎలా వాడాలో చూపించాను. మీట నొక్కితే మాట్లాడటం, వదిలితే వినడం. ఒకరు నొక్కి ఉంచితే రెండోవాళ్ల మాట చేరదు.

సుధాకర్ మామగారిని ముందు బల్ల మీద కూర్చోబెట్టి, తాను వెనక ఇంజిన్ దగ్గర కూర్చున్నాడు. ముందు బల్ల అంటే ఎదురుగా అంతా కనపడే చోటు. పెద్దవాళ్లకి మంచి చోటు ఇవ్వడం మనకి అలవాటే కదా. నేనూ చూసి ముచ్చటపడ్డాను.

మధ్యాహ్నానికి కిటికీ అద్దం సన్నగా అదరడం మొదలైంది. రేవులో జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటోంది. అద్దెకి వెళ్లిన పడవలు ఒకటొకటిగా వచ్చేశాయి. వీళ్లది మాత్రం రాలేదు. రేడియోలో పిలిచాను.

"అంతా బాగానే ఉంది ఆంటీ. ఇంకాసేపట్లో వచ్చేస్తాం" అన్నాడు సుధాకర్. గొంతు చాలా నిమ్మళంగా ఉంది. కానీ దాని వెనక పడవ అడుగున నీళ్లు తపతపమని కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

పక్కన నిలబడ్డ మాధవి ముఖం తెల్లబోయింది. "ఆంటీ, అది మా ఆయన ఆఫీస్ గొంతు. ప్రాజెక్ట్ మునిగిపోతున్నప్పుడు క్లయింట్‌తో కాల్‌లో ఇలాగే మాట్లాడతాడు" అంది.

ఇంకొకప్పుడైతే నవ్వేదాన్నేమో. రేడియో పెద్దాయనకి ఇమ్మని చెప్పి, ఆయన్ని అడిగాను. ఆయనా అదే పాట.

"ఫర్వాలేదమ్మా. కొంచెం ఊగుతోంది, అంతే. అల్లుడుగారు సరదాపడుతున్నారు, పోనీలెండి."

డేల్ నాకు నేర్పిన పాఠం ఒకటుంది. నీటి మీద ఉన్నవాళ్లని ఎలా ఉన్నారని అడగకు, కంటికి కనపడేది ఏమిటో అడుగు అనేవాడు. అందుకని, "అన్నయ్యగారూ, మీ కాళ్ల దగ్గర నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి?" అన్నాను.

"చీలమండలు మునిగాయమ్మా" అన్నారు.

"లంగరు తాడు పడవకి ఏ వైపు కట్టి ఉంది?"

"వెనకాల. ముందు కట్టాలంటే నేను లేవాలి కదా. నన్ను లేవమనడం బాగుండదని అల్లుడుగారు తాడు వెనక్కి తెచ్చి కట్టుకున్నారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చదివేవాళ్లకి ఇది ఎందుకంత భయమో చెప్పాలి. పడవ ముక్కు ఎత్తుగా, కోసుగా ఉంటుంది. అలని చీల్చడానికే దాన్ని అలా చేస్తారు. వెనక భాగం బల్లపరుపుగా ఉంటుంది, ఇంజిన్ తగిలించడానికి దాన్ని ఇంకా కిందికి కోస్తారు. దాన్ని ట్రాన్సమ్ అంటారు. లంగరు ముందు కడితే గాలి ఎటు వీచినా పడవ ముక్కు అలకి ఎదురు తిరిగి నిలుస్తుంది. వెనక కడితే ఆ పల్లపు వైపు అలకి ఎదురవుతుంది. తాడు పట్టి లాగుతుంటే పడవ లేవలేదు, అల లోపలికి వస్తుంది. ఇంజిను బరువు, మనిషి బరువు, నీళ్ల బరువు అన్నీ అక్కడే. ఒక పెద్ద అల చాలు. పైగా ఆటు మొదలు కావడానికి ఇంక ఎంతోసేపు లేదు. లైఫ్ జాకెట్ మనిషిని తేలుస్తుంది గానీ, ఆ నీళ్ల చలి ముందు పెద్ద ప్రాణం ఎంతసేపు ఆగుతుంది?

దుకాణంలో ఓ మూలన కూర్చున్న డేల్ నా ముఖం చూసే లేచాడు. కోస్ట్ గార్డ్‌కి కబురు చెప్పి, తన పెద్ద పడవ వైపు పరుగెత్తాడు. తలుపు దగ్గర ఆగి, వాళ్లతో మాట్లాడుతూనే ఉండు, మీ భాషలోనే మాట్లాడు, ఒక్కోసారి ఒక్క పనే చెప్పు అని వెళ్లిపోయాడు.

మాధవి కౌంటర్ అంచు పట్టుకుని ఉంది. నా భయం రేడియోలో వినపడకూడదని, నా ఇష్టదైవం అమ్మవారిని తలుచుకుని మీట నొక్కాను.

ముందు సుధాకర్‌ని ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరు వెయ్యకుండా ఉంచమన్నాను. స్టార్ట్ అయిందన్నాడు. ముడి విప్పగలవా అంటే, తాడు బిగుసుకుపోయింది, రావడం లేదన్నాడు. కొయ్యాలి. కత్తేమో ఎర డబ్బాలో ఉంది. ఎర డబ్బా ముందు బల్ల కింద, మామగారి కాళ్ల దగ్గర ఉంది.

"అన్నయ్యగారూ, నిలబడొద్దు. కత్తి పట్టుకుని మధ్య బల్ల దాకా పాక్కుంటూ రండి. అంతకు మించి వెనక్కి రావద్దు. మీరు వెనక్కి వస్తే పడవ వెనక భాగం కిందికి దిగుతుంది. అక్కడినుంచి అడుగునే జరిపి అల్లుడికి అందించండి."

"ఆంటీ, ఆయన్ని పాకమంటే ఎలా, మోకాళ్ల నొప్పులు. నేనే వెళ్లి తెచ్చుకుంటాను" అన్నాడు సుధాకర్.

ఇంజిన్ వదిలి అతను లేస్తే ఇక చెప్పడానికేమీ ఉండదు. నేను ఏం చెప్పినా అతను మామగారి కోసం లేచేలా ఉన్నాడు. అతన్ని ఆపగలిగింది ఒక్కరే.

"అన్నయ్యగారూ, మీరే చెప్పాలి. మీరు గట్టిగా చెబితేనే అతను కూర్చుంటాడు."

మీట ఎవరు నొక్కి ఉంచారో తెలియదు. గాలి హోరు, నీళ్ల చప్పుడు, వాటి మధ్య ఆ పెద్దాయన గొంతు వినిపించింది. రిటైరైన ఇంజనీరు గొంతు కాదు, కాలవ గట్టు తెగేటప్పుడు కూలీలతో మాట్లాడే గొంతు.

"కూర్చో. కదిలావంటే ఊరుకోను. కత్తి నేను తెస్తున్నా."

తరవాత సుధాకర్ మాట. "అందింది ఆంటీ. కానీ కోస్తే మీ యాంకర్ పోతుంది కదా. షాప్ వాళ్లది."

ఆ క్షణంలో కూడా ఆ పిల్లాడి మొహమాటం అది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"పోనీ నాయనా. కొయ్యి. తాడు మునిగి దూరంగా పోయాక గేరు వెయ్యి, లేకపోతే ఇంజిన్ రెక్కకి చుట్టుకుంటుంది. పడవ ముక్కు ఇప్పటికే రేవు వైపు ఉంది. అలతో పాటు తిన్నగా వచ్చెయ్యి. పక్కకి తిప్పకు. మామగారు మధ్యలోనే కూర్చుని నీళ్లు తోడుతూ ఉంటారు."

"కోస్తున్నా" అన్నాడు. అంతే. రేడియో మూగబోయింది.

అప్పటిదాకా ఆ ఛానెల్‌లో చేపల గురించి కబుర్లు చెప్పుకుంటున్న పడవలవాళ్లు ఎప్పుడో మాటలు ఆపేశారు. భాష తెలియకపోయినా నా గొంతు వాళ్లకి అర్థమైనట్టుంది. ఆ నిశ్శబ్దం నన్ను మరీ భయపెట్టింది. పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. రేడియో నీళ్లలో పడిందా, మనుషులే పడ్డారా? కిటికీలోంచి చూస్తే దూరంగా తెల్లటి నురగ తప్ప ఏమీ కనిపించడం లేదు.

మాధవి నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా, చెవిలో చెప్పినట్టు అడిగింది.

"ఆంటీ, ముందు ఎవరి కోసం దణ్ణం పెట్టుకోను?"

ఆ ప్రశ్న నా గుండెలో ఎక్కడ తగిలిందో ఇప్పటికీ చెప్పలేను.

"పడవ కోసం పెట్టుకో తల్లీ. ఇద్దరూ అందులోనే ఉన్నారు" అన్నాను.

ఇద్దరం పెట్టుకున్నాం. మాటలేవీ లేవు, ఊరికే కళ్లు మూసుకున్నాం. నాకు తెలిసిన స్తోత్రాలన్నీ ఆ వేళ మరిచిపోయాను. తల్లీ, తల్లీ అని మాత్రం అనుకున్నాను.

చివరికి రేడియో గరగరమంది. డేల్ గొంతు. కనిపించారు, ఇద్దరూ పడవలోనే ఉన్నారు, ముసలాయన నీళ్లు తోడుతున్నాడు, వెనకే వస్తున్నాను అన్నాడు. మాధవి ఉన్నచోటే నేల మీద కూలబడింది. నేను కౌంటర్‌కి తల ఆనించి ఎంతసేపు ఉండిపోయానో.

రేవు చేరేసరికి పడవలో పిక్కల దాకా నీళ్లున్నాయి. రేడియో ఎక్కడో ఆ నీళ్లలోనే దొరికింది. విశ్వనాథంగారి పెదవులు నీలంగా ఉన్నాయి. దుప్పట్లు కప్పి, హీటర్ ముందు కూర్చోబెట్టాం. మావారు వచ్చి ఇద్దరినీ చూసి, ప్రాణభయం లేదన్నారు. సుధాకర్ మాత్రం తలొంచుకుని గోడవారనే నిలబడ్డాడు.

ఒళ్లు కాస్త వెచ్చబడ్డాక పెద్దాయనే మాట మొదలుపెట్టారు. "గాలి మొదలైన దగ్గర్నుంచీ నాకు భయంగానే ఉందయ్యా. నీకు సెలవు దొరికేదే అరుదు, సరదాగా ఉన్నావు కదా, పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నా."

"నాకూ భయమేసింది మామయ్యగారూ. మీరు ఇంకో చేప కోసం చూస్తున్నారు కదా అని నేను..." అని ఆగిపోయాడు.

మాధవి ఇద్దరి వంకా చూసింది. "ఇద్దరికిద్దరూ సరిపోయారు. మీ మర్యాదలు కాదు గానీ, నన్ను దిక్కులేనిదాన్ని చేసేవాళ్లు" అంది. అని తండ్రి తల తుడవసాగింది. రెండో తువ్వాలు తీసి మొగుడి మీదికి విసిరింది.

ఆ తరవాత ఆ దుకాణంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎన్నో గాలులు చూశాను. భయం మంచిది కాదని, మనసులోంచి తీసేయాలని పెద్దలు చెబుతారు. నేను అలా అనుకోవడం మానేశాను. భయం కూడా దేవుడు పంపిన కబురే. దాన్ని ఎదుటివాళ్లకి చేరవెయ్యకుండా మనలోనే దాచుకుంటే ఆ కబురు పంపి ఏం లాభం? ఆ రోజు పడవలో ఇద్దరికీ సమయానికే కబురు అందింది. ఒకరి మీద ఒకరికున్న ప్రేమ వల్లే దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తల్లి దయ వల్ల ఆలస్యంగానైనా బయటికి తీశారు.

అందుకని మనవాళ్ల కుటుంబాలు ఎప్పుడు వచ్చినా రెండు పనులు చేసేదాన్ని. పెద్దవాళ్లని మధ్య బల్ల మీదే కూర్చోబెట్టేదాన్ని. అది తక్కువ చెయ్యడమని మొహం ముడుచుకున్నవాళ్లూ ఉన్నారు. రెండోది, పడవ ఎక్కేముందు వాళ్లలో పెద్దవారి చేత "నాకు భయమేస్తోంది, వెనక్కి పోదాం" అని పిల్లల ముందే ఒకసారి పైకి అనిపించేదాన్ని. అనేదాకా, తగిలిస్తేనే ఇంజిన్ స్టార్ట్ అయ్యే తాడు చేతికి ఇచ్చేదాన్ని కాను. చాలామంది నవ్వుతూ అనేసేవారు. ఒకసారి ఒక పెద్దావిడ కొడుకు వంక చూస్తూ ఆ మాట అంది. అన్నాక నవ్వలేదు. "నిజంగానేరా" అంది. కొడుకు ఆవిడ పక్కనే రేవు చెక్కల మీద కూర్చున్నాడు. ఎప్పటినుంచమ్మా అని అడిగాడు.

వాళ్లు ఆ రోజు పడవ ఎక్కలేదు. నేను లోపలికి వెళ్లి వాళ్లందరికీ టీ పెట్టాను.