కొర్రమీను కాని చేప

నా చిన్నప్పుడు మేము ఆస్ట్రేలియాలో మంచుకొండల కింద ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని వాగుకి ట్రౌట్ చేపలు పట్టడానికి వెళ్లేవాడు.

ఒకసారి వారమంతా మా తమ్ముడు జ్వరంతో పడి ఉన్నాడు. లేచి కూర్చోగానే చేప కావాలన్నాడు. ఆ ఆదివారం నాన్న పొద్దున్నే మూడు పట్టి నాకప్పగించి, వాగు వెంట ఇంకా పైకి వెళ్లాడు. పట్టిన వెంటనే తలమీద రాయితో ఒక్క దెబ్బ వేసి, పేగులు తీసి, ఐసుపెట్టెలో పెట్టాలని నాకు అంతకుముందే నేర్పాడు. పదకొండేళ్లదాన్ని, వచ్చన్న పొగరు కూడా ఉండేది. తీరా రాయి ఎత్తాక చెయ్యి రాలేదు. కాకినాడలో మా అమ్మమ్మ కొర్రమీనుల్ని తొట్టినీళ్లలో రెండు రోజులు బతికించేది. అదే తెలివి ఉపయోగించాను. బకెట్లో నీళ్లు పోసి చేపల్ని వదిలి, పుస్తకం తెరిచాను.

కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. చల్లటి పారే నీళ్లు లేకపోతే ట్రౌట్ బతకదు. ఆ సంగతి నాకు తెలియదు. మధ్యాహ్నం చూసేసరికి మూడూ తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి, నీళ్లు ఎండకి గోరువెచ్చగా ఉన్నాయి. గబగబా కోసి కడిగి ఐసులో కుక్కాను. నాన్న వచ్చి అడిగితే, పట్టగానే చేసేశానన్నాను. శభాష్ అని వీపు తట్టాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేదాకా కారులో ఐసుపెట్టె వైపే చూస్తూ కూర్చున్నాను. చెడిపోయిన తిండి తిని ఆసుపత్రిలో చేరినవాళ్ల గురించి నాన్న చెప్పేవాడు. తమ్ముడు అసలే పుల్లలా అయిపోయాడు. వాడు తింటే? చెబితే నాన్న ఏమంటాడు? ఇల్లు చేరాక అమ్మకు పెట్టె ఇచ్చి, చెప్పేద్దామని రెండుసార్లు వంటింటి గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చాను.

చింతపండు పులుసు వాసన ఇల్లంతా నిండింది. తమ్ముడు కంచం ముందేసుకుని నాన్న పక్కన కూర్చున్నాడు. అమ్మ వాడికి అన్నం పెట్టి గరిటెతో పులుసు పోసింది. కంచం వైపు కాదు, నా వైపే చూస్తోంది. వాడు ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. నేను వాడి చేతిమీద కొట్టాను. అన్నం నేలంతా పడింది. వద్దు వద్దంటూ ఏడుస్తూ బకెట్టు సంగతి, అబద్ధం సంగతి అన్నీ కక్కేశాను.

అమ్మ తాపీగా గరిటెతో పులుసు కలిపి చూపించింది. ఉల్లిపాయలు, బంగాళదుంపలు. ఒక్క చేప ముక్క లేదు.

"మొప్పలు చూడగానే తెలిసిందే నాకు. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. పెరట్లో పాతేశా. నువ్వెప్పుడు నోరు విప్పుతావోనని చూస్తున్నా."

"సో, నో ఫిష్?" అని తమ్ముడు భోరుమన్నాడు.

నాన్న వంగి నేలమీది మెతుకులు ఏరాడు. అమ్మ మీద మాత్రం నాకు చాలా రోజులు కోపం పోలేదు. అంతసేపు పిల్లని వణికించాలా అనుకునేదాన్ని. మరుసటి ఆదివారం అమ్మ కూడా వాగుకి వచ్చి నా పక్కనే కూర్చుంది. రాయి నేనే ఎత్తి దెబ్బ వేశాను. ఆ పూట అమ్మ ఉప్పూ పసుపూ రాసి, పెనం మీద వేయించి, మొదటి ముక్క తమ్ముడికి నా చేత్తోనే పెట్టించింది.

పెద్దయ్యాక ముప్పై ఏళ్లు ఆసుపత్రి మందుల గదిలో పనిచేశాను. ఒకరోజు ఒక పసివాడి సీసా మీద మోతాదు తప్పు రాసి పై అంతస్తు వార్డుకి పంపేశాను. కాసేపటికి గుర్తొచ్చింది. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది అనుకుంటూనే మెట్లెక్కి పరుగెత్తాను. నర్సు చెంచాలో మందు పోస్తోంది. ఆగమని, తప్పు నాదేనని అందరి ముందూ అరిచాను. ఆ పిల్లాడు నన్ను చూసి నవ్వాడు. నాకు భయం ఏనాడూ తగ్గలేదు. భయపడుతూనే చెప్పడం మాత్రం ఆ రోజు కంచం ముందు నేర్చుకున్నాను.