బాపు కోసం ఆగిన రైలు

మా బాపు పోయిన రోజు ఢిల్లీ పోయే రైలు మా ఊళ్లో ఆగింది. స్టేషన్లోనే ఆగని రైలు అది. రైలు గేటు దగ్గర, బాపు పాడె ముందర ఆగింది. నేను వంగి బాపు చెవిలో పిలుస్తుంటే డ్రైవరు ఇంజను దిగి, టోపీ తీసి, చేతులు జోడించి నిలబడ్డాడు. కిటికీల్లోంచి జనం దండం పెట్టారు. బతుకంతా గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసి మమ్మల్ని పెంచిన మనిషికి అంత మర్యాద. ఈ జిల్లాలో ఇంకెవరికీ జరగలేదు.

జమ్మికుంట పత్తి మార్కెట్లో అడ్తి దుకాణం గుమాస్తాగా ఉన్నంతకాలం ఈ కథ చెప్పాను. పత్తి బస్తాల మీద కూర్చుని చాయ్ తాగే రైతులు గ్లాసు చల్లారిపోయేదాకా విన్నారు. ఒకసారి వేములవాడ బస్సులో చెబితే పక్క సీటు ముసలమ్మ కళ్లు తుడుచుకుని, రాజన్నకు కొట్టడానికి తెచ్చుకున్న కొబ్బరికాయల్లో ఒకటి నా చేతిలో పెట్టింది. కొబ్బరికాయ మాత్రం నిజం. మిగతా సంగతి తర్వాత చెబుతాను.

ముందు మా ఊరు ఎట్లా ఉంటుందో చెప్పాలి. కాజీపేట నుంచి బల్లార్షా పోయే పట్టాలు మా పట్టణాన్ని నడిమికి కోసేశాయి. ఇవతల స్టేషను, బజారు, బస్టాండు, దవాఖాన, మా నేతోళ్ల గల్లీ. అవతల బియ్యం మిల్లు, నాలుగైదు వాడలు, వాటి వెనక బొందలగడ్డ. బతకడానికి ఇవతలికి రావాలి, చచ్చాక అవతలికి పోవాలి. మా అక్కను అవతలి వాడకు ఇచ్చినప్పుడు మమ్మల్ని కన్న అవ్వ ఏదో పరాయి దేశం పంపినట్టు ఏడ్చింది. మా డాబా ఎక్కితే అక్క అత్తగారింటి పొయ్యి పొగ కనిపించేది. కానీ గేటు పడితే అది పరాయి దేశమే.

బొగ్గు గూడ్సులు ఎప్పుడొస్తాయో, ఎంతసేపు నిలబడతాయో ఎవరికీ తెలియదు. అందరూ గేటును తిట్టేవాళ్లు. నేనూ తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే దానికి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ గేటు దగ్గర తప్ప ఇవతలోళ్లూ అవతలోళ్లూ ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకున్న చోటు ఊళ్లో ఇంకొకటి లేదు. నా పెళ్లి సంబంధం కూడా అక్కడే కుదిరింది. సైకిళ్ల మీద ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు, గూడ్సు కదిలేలోపు, నన్నూ ఆమెనూ ముడిపెట్టేశారు. గేటు కాసే ఆయన ఎండాకాలం కుండకు తడిగుడ్డ చుట్టి నీళ్లు పెట్టేవాడు. ఎవరు తాగారో, ఎవరు తాగలేదో చూసుకునేవాడు. ఆయన నీళ్లు తాగని మనిషి మా ఊళ్లో లేడు.

దింపుడు కల్లం కూడా అక్కడే. బొందలగడ్డకు పోయే తొవ్వలో ఒకచోట పాడె దించి, పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారేమోనని. మా ఊళ్లో ఆ చోటును ఏ పెద్దమనిషీ నిర్ణయించలేదు. గేటు పడి ఉంటే పాడె ఎట్లాగూ దించాల్సిందే, దించినప్పుడే పిలిచేయడం అలవాటైంది. ఆ తర్వాత గేటు తెరిచి ఉన్నా అక్కడే దించేవారు. ఇంజను కూతకు కూడా లేవకపోతే ఇక అనుమానం లేదని మా చిన్నాయన అనేవాడు.

ఇట్లా నడుస్తుండగా పట్టాల పై నుంచి వంతెన వచ్చింది. పెద్ద వంతెన, మార్కెట్ రోడ్డు దగ్గర ఎక్కితే మిల్లు దాటాక దిగుతుంది. లారీలకు, కార్లకు హాయి. గేటు ఎత్తేసి, పట్టాల పొడుగునా గోడ కడతామన్నారు.

మా అక్క మోకాళ్లు అప్పటికే మొరాయించాయి. నేనే రోజూ పొద్దు వాలే వేళకు గేటు దాటి వాళ్లింటికి పోయి, చాయ్ తాగి, నాలుగు మాటలు అని, నాలుగు మాటలు పడి వచ్చేవాణ్ని. బావ పోయినప్పటి నుంచి ఒక్కనాడు తప్పలేదు. గోడ సంగతి చెబితే అక్క కోపం తెచ్చుకోలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇగ నువ్వు రావు" అన్నది, అంతే. వంతెన మీద నుంచి బండేసుకుని వస్తానన్నాను. నీకు సైకిలే సక్కగ రాదు కదరా అన్నది. అదీ నిజమే.

గోడ కట్టేముందు ఊరోళ్ల మాట వినడానికి ఇంజనీర్లు గేటు దగ్గరే షామియానా వేశారు. అక్క ఆటోలో వచ్చి ముందు వరస కుర్చీలో కూర్చుంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు అందుకున్నాను. మనుషులు నడవడానికి తొవ్వ కావాలని అడగాలి, అంతే. కానీ మైకు చేతిలో ఉంటే నేను ఊరుకుంటానా. ఢిల్లీ రైలు మొత్తం తెచ్చి వాళ్ల ముందు నిలబెట్టాను. ఆ రోజు ఇంజనుకు దండ కూడా వేశానేమో, గుర్తులేదు. జనం చప్పట్లు కొట్టారు.

ఇంజనీరమ్మ చిన్న వయసుది. కోస్తా వైపు పిల్ల. శ్రద్ధగా విని అడిగింది: "అంటే తాతగారూ, ఇక్కడ జనం అడ్డుంటే రైళ్లు ఆపాల్సి వస్తోందన్నమాట?"

"ఆగవలసిందే బిడ్డా" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆమె పక్కనున్న అతనివైపు తిరిగి, అయితే ఇది చాలా ప్రమాదకరమైన చోటు, గోడ ముందు ఇక్కడే మొదలుపెట్టాలి, ఎత్తు కూడా పెంచాలి అంది. చప్పట్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే అక్క నన్నే చూస్తోంది. రోజూ నేను తాగే చాయ్‌ను నా నోటితోనే ఒలకబోసుకున్నానని అప్పుడు అర్థమైంది.

ఇక దాచడానికేముంది. మైకులోనే చెప్పేశాను.

"అమ్మా, అది ఢిల్లీ రైలు గాదు. బొగ్గు గూడ్సు. సిగ్నల్ లేక మేము రాకముందుకే నిలవడ్డది. డ్రైవరు దిగలే. ఆయనకు టోపీయే లేదు. కిటికీల కెల్లి తల బయట పెట్టి పాన్ నమిలి తుపుక్కున ఊంచిండు."

షామియానా అంతా నవ్వింది, ఒక్కడు తప్ప. మార్కెట్లో నాతోపాటు పనిచేసిన, బస్తాలు కాంటా వేసే ఆయన, "ఈ ముచ్చట నా మనుమలకు సైతం చెప్పుకున్న కదరా" అని నొచ్చుకున్నాడు. ఆయనకు ఇప్పటికీ మొహం చూపించలేను.

అక్క కుర్చీలోంచే, మైకు లేకుండా మాట్లాడింది. "రైలు ఆగుడు మాకెందుకు బిడ్డా. దాని తొవ్వ దాన్ని పోనియ్యి. మాకు పట్టాల కిందికెల్లి తొవ్వ ఇయ్యి. మెట్లు వద్దు. పాడె భుజాల మీదికెల్లి దించకుంట పోవాలె, గంతెత్తు ఉంటే సాలు."

ఇంజనీరమ్మ లేచి వచ్చి అక్క కుర్చీ పక్కన కింద కూర్చుంది. భుజాల మీద పాడె ఎంతెత్తు ఉంటుందని అడిగింది. ఎందరినో మోసిన వాళ్లం, ఎవరికీ తెలియదు. ఎన్నడూ కొలవలేదు. హోటల్ ముందరి బల్ల తెచ్చి నలుగురు మోయండి, టేపుతో కొలుద్దామని ఎవరో అన్నారు. అక్క నావైపు వేలు చూపించింది.

"వట్టి బల్ల ఏం తెలుస్తది. గీన్ని పండవెట్టుండ్రి."

అపశకునమని కొందరు అడ్డుపడ్డారు. ఎట్లన్న మొయ్యవలసినోడే కద అన్నది అక్క. నేను పడుకున్నాను. నలుగురు లేపారు. కింద అందరూ నవ్వుతున్నారు, పైన ఆకాశం, పక్కన ఇంజనీరమ్మ టేపు నా ముక్కు దాకా వచ్చి ఆగింది. ఇందులో నేను ఒక్క ముక్క పెంచలేదు. కావాలంటే ఊళ్లో ఎవరినైనా అడగండి.

ఆ పిల్ల ఎక్కడ ఉన్నా చల్లగా ఉండాలి. మెట్లు లేకుండా, ఏటవాలుగా దిగి ఏటవాలుగా ఎక్కే తొవ్వ పట్టాల కింద వచ్చింది. వానాకాలం చీలమండల దాకా నీళ్లు నిలుస్తాయి. మున్సిపాలిటీ మోటరు ఒకనాడు పనిచేస్తే ఒకనాడు అలుగుతుంది. నేను చెప్పులు చేతపట్టుకుని పోతాను. ఇప్పుడు ఎవరూ ఎవరికోసం నిలబడరు, నడిచి వెళ్లిపోతారు. గేటు లేని లోటు అదొక్కటే. పాడెలు మాత్రం ఇంకా ఆగుతాయి. కింద సరిగ్గా మధ్యలో దించి పిలుస్తారు. ఎంత మెల్లగా పిలిచినా ఆ గోడలు మాటను అందుకుని పెద్దది చేస్తాయి. అప్పుడప్పుడు పైన గూడ్సు పోతుంటుంది. ఆ చప్పుడు సద్దుమణిగేదాకా అందరూ ఊరికే నిలబడతారు. అక్కడ నేనూ రోజూ కాసేపు ఆగుతాను. నా కొలతకు కట్టిన చోటు కదా.

ఇదంతా రాసుకుని మొన్న అక్కకు చదివి వినిపించాను. చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా విన్నది. పాన్ సంగతి రాసినందుకు మెచ్చుకుంది. తర్వాత పైన పేరేం పెట్టినవని అడిగింది. చెప్పాను. చేయి ఆగింది.

"బాపు కోసం ఆగలే అది. బాపుకు నాకు నడుమ అడ్డం ఆగింది. నువ్వు పాడె పట్టుకొని గా దిక్కు, కబురందంగనే వచ్చిన నేను గీ దిక్కు. ఎంతకు కదలకపాయె. గూడ్సు డబ్బాల కిందికెల్లి దూరి వచ్చిన. గేటాయన తిట్టుకుంట ఉరికొచ్చేసరికి నీ దిక్కు పడ్డ. బాపు చెవుల పిలిచింది నేను. నీకు గొంతు పెగలలే. గది రాయి."