కొలవకుండా వదిలిన బార్

2009 మే నెలలో పిస్కాటవేలోని ఒక యూనివర్సిటీ మైదానంలో జరిగిన పోటీలకు నన్ను మహిళల హైజంప్‌ చీఫ్ జడ్జిగా వేశారు. వారమంతా ఎడిసన్‌లో స్కూలు పిల్లలకు వ్యాయామం నేర్పడం, శని ఆదివారాలు సర్టిఫైడ్ అఫీషియల్‌గా మైదానాలకు వెళ్లడం, ఇదీ నా ఉద్యోగం. దాటాల్సిన అడ్డకర్ర, అంటే బార్, పడితే తిరిగి పెట్టడానికి ప్లెయిన్స్‌బరో నుంచి విజయక్క వచ్చేది. ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగం ఆమెది. కొలతల దగ్గర నాకంటే పట్టింపు ఎక్కువ.

ఆ రోజు బరిలో చివరికి మిగిలింది అలెంకా. స్లొవేనియా నుంచి వచ్చి ఇక్కడొక కాలేజీలో కోచ్‌గా పనిచేస్తూ, ముప్పై నాలుగేళ్ల వయసులో ఇంకా దూకుతోంది. మీటరు ఎనభై నాలుగు సెంటీమీటర్లు దాటితే స్వదేశపు జట్టుకు ఆమె పేరు పరిశీలిస్తారు. గడువులోపు అదే ఆఖరి పోటీ అని పొద్దున పేరు నమోదు చేసుకునేటప్పుడే చెప్పింది.

అంతకుముందు ఎత్తు దగ్గర ఒక అమ్మాయి బార్ మీద పడటంతో అది విరిగింది. కొత్తది తెచ్చాం. బార్ నడుమ కాస్త వంగుతుంది కాబట్టి, స్తంభాల మీది గీతలను నమ్మకుండా నేల నుంచి బార్ మధ్యభాగం దాకా టేపుతో కొలవాలి. బార్ మారిస్తే మళ్లీ కొలవడం నియమం. అప్పటికే కార్యక్రమం ఆలస్యమైందని రెఫరీ రెండుసార్లు తొందరపెట్టారు. పాత బార్ వంపుకు కలిపే రెండు సెంటీమీటర్లను అలాగే కలిపి, మీటరు ఎనభై నాలుగుకని నేను గీత చూసి సరిపెట్టాను.

అలెంకా మూడుసార్లు దూకింది. మూడుసార్లూ బార్ పడింది. ప్రయత్నం విఫలమైందని నేను ఎర్రజెండా ఎత్తాక కాసేపు పరుపు మీదే కూర్చుని, తర్వాత బెంచీ దగ్గరికి వెళ్లి చీలమండకు చుట్టుకున్న పట్టీ విప్పేసింది.

పడిన బార్‌ని తిరిగి పెడుతూ విజయక్క ఆగింది. "సుధా, పాతది మధ్యలో వంగి ఉండేది. ఇది స్ట్రెయిట్‌గా ఉంది. ఒకసారి మెజర్ చెయ్యి."

కొలిచాను. మీటరు ఎనభై ఆరు.

ఫలితాల షీటు మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఇప్పుడు చెబితే నీ సర్టిఫికేషన్‌కి ప్రాబ్లం కాదా అని విజయక్క మెల్లగా అడిగింది. అవుతుందన్నాను. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. టేపు చుట్టి, రెఫరీ దగ్గరికి నడిచాను.

ఆయన ఆ మూడు ప్రయత్నాలూ రద్దు చేసి, సరైన ఎత్తులో మళ్లీ మూడు ఇచ్చారు. ఆ మాట అలెంకాకు నన్నే చెప్పమన్నారు. చెప్పాను, పొరపాటు నాదేనని కూడా. ఆమె ముఖం ఎర్రబడింది. పట్టీ తిరిగి కట్టుకోవడానికి ఎంత టైమ్ ఇస్తారని మాత్రం అడిగింది.

మొదటి రెండుసార్లూ ఆమె నడుము తగిలి బార్ పడింది. ఇందాకటి మూడు ప్రయత్నాలకు ఖర్చయిన సత్తువను ఏ రెఫరీ తిరిగి ఇవ్వలేడు. మూడోసారి ఒళ్లంతా దాటింది, మడమ తగిలింది. బార్ కాసేపు ఊగి పడింది.

ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఇప్పటి ఓటమి నాది. ఇందాకటిది మీది," అంది ఇంగ్లిష్‌లో. కోపంగా అనలేదు.

ఆ వేసవిలోనే ఆమె దూకడం మానేసింది. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది, ఆ సీజన్‌కు చీఫ్ జడ్జి బాధ్యత పోయింది. తర్వాతి పోటీల్లో తన శిష్యురాళ్లు దూకే ముందు ఆమె, బార్ కొలిచారా అని నన్ను అడిగేది. అడగడం న్యాయమే. ఓడినవాళ్లకు తాము ఏ ఎత్తు దగ్గర ఓడారో కచ్చితంగా తెలియాలి. ఆ బాధ్యత జడ్జిది.