రజిత టీసీ

మా ఊరి ప్రాథమిక పాఠశాలలో నిరుడు పదకొండు మంది పిల్లలుండేవారు. బోర్లు ఎండిపోయి ఒక్కో కుటుంబమే పట్నం వెళ్లిపోగా ఈ ఏడు ముగ్గురు మిగిలారు. వారిలో నాలుగో తరగతి రజిత, సెలవుల్లో తల్లిదండ్రులతో పట్నం వెళ్లి తిరిగి రాలేదు. ఆమె కూడా పోతే బడి మూసేస్తామని పై అధికారులు చెప్పారు. టీసీ పంపమని తల్లి యాదమ్మ ఫోన్ చేస్తే, నేనే తెస్తానన్నాను. బతిమాలి పిల్లను వెనక్కి తెచ్చుకోవాలని నా ఆశ.

ఆదివారం పొద్దున ఆరున్నరకు దేవరకొండలో బస్సెక్కాను. పక్క సీటులో పూల బుట్టతో ఒకామె. "బోనాలకు డప్పు కొట్టేటోళ్లను గూడ పట్నంకెల్లి పిలిపిస్తున్నం టీచరమ్మా, ఊర్ల ఎవలున్నరు?" అంది. ఇబ్రహీంపట్నంలో టీ తాగి, తొమ్మిదిన్నరకు ఎల్బీనగర్‌లో దిగాను. అక్కణ్ణుంచి మెట్రోలో మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్.

యాదమ్మ ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. మెట్ల కింద గదిలో కాపురం. నన్ను చూడగానే కొంగుతో కుర్చీ తుడిచింది.

"పిల్లను నా దగ్గర ఉంచు. నా ఇంట్లోనే పెట్టుకుంటా" అన్నాను.

"మీరు మంచిగనే చూస్తరు టీచరమ్మా. గని దాన్నిడిసి నేనెట్లుండాలె?"

రజితనే అడిగాను. పిల్ల తలవంచుకుని, "గీడ నాకు జోడీ ఉన్నది టీచర్. ఆడ నా క్లాసుల నేనొక్కదాన్నే గద" అంది.

మూడేళ్లుగా ఆ పిల్లకు ఎక్కాలు, పద్యాలు, ఉత్తరం రాయడం అన్నీ నేర్పాను. తోడును మాత్రం నేను తేలేను. సంచిలోంచి టీసీ తీసి యాదమ్మ చేతిలో పెట్టాను.

హాస్టల్ యజమానురాలు భోంచేసి వెళ్లమని పట్టుబట్టింది. పప్పు, దొండకాయ వేపుడు. వడ్డిస్తూ, "మాదీ భీమవరం దగ్గర పల్లెటూరేనండీ. నేను చదివిన బడి మూసేసి చాలా ఏళ్లయింది. అందులో ఇప్పుడు రొయ్యల మేత బస్తాలు పెడుతున్నారు" అంది. 

రెండింటికి ఎల్బీనగర్‌లో తిరుగు బస్సు దొరికింది. ఊరు ఖాళీ అయిందంటే ఇన్నాళ్లూ నాకు తాళాలు పడ్డ ఇళ్లే కనిపించేవి. విరామం గంట కొట్టాక కూడా గదిలోనే కూర్చుండిపోయే పిల్ల రోజూ కళ్లెదుటే ఉన్నా చూడలేదు.

మల్లేపల్లి దాటాక మిగిలిన ఇద్దరి ఇళ్లకూ ఫోన్ చేసి, రజిత ఇక రాదని చెప్పాను. "అయితె రేపటికెల్లి బడి లేదా టీచరమ్మా?" అని ఒక తల్లి అడిగింది.

"ఆర్డర్ వచ్చేదాకా ఉంటది. పంపు" అన్నాను.